సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు?

"వైఫై గీతలన్నీ నిండుగా ఉన్నాయి, అయినా వీడియో కదలడం లేదు. ఎందుకండీ?" ఈ ప్రశ్న ఇళ్ళలో తక్కువ, ఆసుపత్రుల్లో, లాడ్జీల్లో, కాలేజీల్లో, ఆఫీసుల్లో ఎక్కువ. దాని వెనకే ఇంకొకటి వస్తుంది. "మా ఇంట్లో కనెక్షన్‌తో పాటు ఇచ్చిన రౌటర్ చక్కగా పనిచేస్తోంది. ఇక్కడ పైకప్పుకి ఇన్నేసి తెల్ల పెట్టెలు బిగించారు కదా, మరి ఈ అవస్థ ఏమిటి?"

ముందు ఆ గీతల సంగతి చూద్దాం. ఫోన్ మీద కనిపించే గీతలు ఒక్క విషయమే చెబుతాయి. పెట్టె పంపే తరంగాలు మీ ఫోన్‌కు ఎంత గట్టిగా వినిపిస్తున్నాయో, అంతే. మీ ఫోన్ పంపేది పెట్టెకు వినిపిస్తోందో లేదో అవి చెప్పవు. ఆ క్షణాన ఇంకెంతమంది అదే పెట్టెను పట్టుకుని ఉన్నారో చెప్పవు. పెట్టె వెనక బయటి ఇంటర్నెట్ లైను నడుస్తోందో లేదో కూడా చెప్పవు. నెట్ రాకపోవడానికి కారణం చాలాసార్లు గీతలు చెప్పని ఈ మూడింటిలోనే దొరుకుతుంది.

పైకప్పు మీది ఆ తెల్ల పెట్టెను యాక్సెస్ పాయింట్ అంటారు. సిగ్నల్‌ను గట్టిగా విసరడమే దాని పని అని చాలామంది అనుకుంటారు. వ్యాపార సంస్థల కోసం చేసిన పెట్టెలో అది చిన్న పని. పెద్ద పనులు రెండున్నాయి. అందరిదీ అయిన గాలిని వంతులవారీగా పంచడం ఒకటి. ఒకే గాలిలో ఉన్నవాళ్ళను ఒకరి జోలికి ఒకరు పోకుండా వేరుచేయడం రెండోది.

జిల్లా కేంద్రంలో మూడంతస్తుల నర్సింగ్ హోమ్ ఒకటి ఊహించుకోండి. కింద ఓపీ, మందుల షాపు, బిల్లింగ్ కౌంటరు, ల్యాబు, ఎక్స్‌రే గది. మొదటి అంతస్తులో వార్డులు. ఆపైన ఐసీయూ, ఆపరేషన్ థియేటరు. నర్సుల చేతుల్లో ట్యాబ్‌లు, డాక్టర్ల ఫోన్లు, కార్డు గీకే మిషన్లు, సీసీ కెమెరాలు, స్కానింగ్ మిషన్లు. వీటికి తోడు ప్రతి మంచం పక్కన ఒకరో ఇద్దరో బంధువులు, వాళ్ళందరి చేతుల్లో ఫోన్లు. వీళ్ళంతా వాడుకోవలసింది ఒకే గాలిని.

కాలువ మీద ఇరుకు వంతెన

వైఫై గురించి తెలుసుకోవలసిన మొదటి మాట ఇది: ఒక ఛానెల్ మీద ఒక సమయంలో సాధారణంగా ఒక్కరే పంపగలరు. పెట్టె పంపుతుంటే ఫోన్లన్నీ ఆగాలి. ఒక ఫోన్ పంపుతుంటే పెట్టెతో సహా మిగతా అందరూ ఆగాలి.

ఊరి బయట కాలువ మీద ఒక్క బండి మాత్రమే పట్టే ఇరుకు వంతెన ఉంటుంది చూడండి. అక్కడ పోలీసు ఉండడు, సిగ్నల్ లైటూ ఉండదు. వచ్చినవాడు ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని ఎక్కుతాడు. రెండు వైపుల నుంచీ ఇద్దరు ఒకేసారి ఎక్కితే ఇద్దరూ వెనక్కి రావలసిందే. వైఫై నియమం సరిగ్గా ఇదే, కాకపోతే కాలం లెక్క మైక్రోసెకన్లలో, అంటే సెకనులో పది లక్షలో వంతుల్లో.

ఆ లెక్కను కాస్త దగ్గరగా చూద్దాం. 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒక ఫోన్ ఏదైనా పంపాలనుకుంటే మొదట గాలి ఖాళీగా ఉందా అని వింటుంది. ఖాళీగా ఉంటే 34 మైక్రోసెకన్లు ఆగుతుంది. ఆ తర్వాత 0 నుంచి 15 లోపు ఏదో ఒక అంకెను తోచినట్టు ఎంచుకుని, 9 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున వెనక్కి లెక్కపెడుతుంది. మధ్యలో ఇంకెవరైనా బయలుదేరితే లెక్క ఆపి, వాళ్ళు దాటాక ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెడుతుంది. సున్నాకు రాగానే పంపేస్తుంది. అందుకున్నవాళ్ళు 16 మైక్రోసెకన్ల తర్వాత "అందింది" అని చిన్న జవాబు ఇస్తారు. ఇద్దరు ఒకే అంకె ఎంచుకుంటే రెండు సందేశాలూ గాలిలో ఢీకొంటాయి. ఆ సంగతి పంపినవాళ్ళకు అప్పుడే తెలియదు, ఎందుకంటే తమ రేడియో మోతలో ఎదుటివాడిది వినబడదు. "అందింది" రాలేదు కాబట్టి ఏదో జరిగిందని గ్రహించి, ఈసారి 0 నుంచి 31 లోపు అంకె ఎంచుకుంటాయి. మళ్ళీ ఢీకొంటే 63 లోపు, ఆపైన 127 లోపు, అలా 1023 దాకా పోవచ్చు.

ఇంట్లో నాలుగు ఫోన్లు ఉంటే ఈ ఏర్పాటు అద్భుతంగా పనిచేస్తుంది. వార్డులో అరవై ఫోన్లు ఒకే ఛానెల్ మీద పోటీపడితే ఢీకొనడాలూ ఎదురుచూపులూ కలిసి వంతెన కాలాన్ని తినేస్తాయి. అప్పుడు గీతలు నిండుగానే ఉంటాయి, నెట్ మాత్రం రాదు.

ఈ ఆలోచనకు పుట్టిల్లు హవాయి దీవులు. దీవుల మధ్య కంప్యూటర్లను తీగలతో కలపడం కష్టమని, అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో అలోహానెట్ అనే రేడియో వలను నడిపింది. అందులో ముందుగా వినడం అనేదే లేదు. వంతెన వైపు చూడకుండానే ఎక్కెయ్యడం, ఢీకొంటే కాసేపాగి మళ్ళీ రావడం. ఆ పద్ధతిలో ఎంత బాగా నడిచినా మొత్తం కాలంలో 18 శాతానికి మించి ఉపయోగపడదని లెక్కలు తేల్చాయి. ముందు విని, ఆ తర్వాతే పంపాలన్న నియమం తర్వాతి తరం చేర్చుకున్నది. 1997లో వైఫైకి 802.11 అనే మొదటి ప్రమాణం వచ్చినప్పుడు దాని వేగం సెకనుకు 2 మెగాబిట్లు. నేడు ఆ వేగం వందల రెట్లు పెరిగింది, వంతుల నియమం మాత్రం మారలేదు.

వంతెన దగ్గర ఇంకో చిక్కు ఉంది. రెండు కొసలా దారి మలుపు తిరిగి ఉంటే ఇవతలివాడికి అవతలివాడు కనపడడు. వార్డుకు ఒక చివర ఉన్న ఫోను, రెండో చివర గోడ వెనక ఉన్న ఫోను రెండూ నడిమి పెట్టెకు బాగా వినిపిస్తాయి, కానీ ఒకదానికొకటి వినపడవు. గాలి ఖాళీగా ఉందనుకుని రెండూ ఒకేసారి పంపేస్తాయి. దీనికి విరుగుడుగా వంతెన నడిమధ్య జెండా పట్టుకుని ఒకరిని నిలబెట్టినట్టు పెట్టె పని చేయగలదు. పంపదలచిన ఫోన్ ముందుగా చిన్న అనుమతి అడుగుతుంది, పెట్టె "నువ్వు రా" అంటుంది. ఆ మాట రెండు చివరలా వినిపిస్తుంది కాబట్టి మిగతావాళ్ళు ఆగుతారు.

అందరినీ ఆపే నెమ్మది బండి

అసలు ముచ్చట ఇక్కడుంది. వంతెన మీద మోటార్ సైకిలు రెప్పపాటులో దాటిపోతుంది, గడ్డి వేసుకున్న ట్రాక్టరు పాకుతూ పోతుంది. అది దాటేదాకా వెనకున్నవాళ్ళంతా ఆగాల్సిందే, వాళ్ళ బండ్లు ఎంత వేగమైనవైనా సరే.

1500 బైట్ల మామూలు డేటా పొట్లాన్ని సెకనుకు 54 మెగాబిట్ల వేగంతో పంపితే పావు మిల్లీసెకను కూడా పట్టదు. అదే పొట్లాన్ని సెకనుకు 1 మెగాబిట్ వేగంతో పంపితే 12 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే యాభై రెట్లకు పైగా. మెట్ల కింద కూర్చుని పాత ఫోన్లో ఒకరు సినిమా చూస్తుంటే, పెట్టెకు ఎదురుగా కొత్త ఫోన్ పట్టుకున్న డాక్టరు కూడా ఆ నెమ్మదికి బందీయే. ఇంటి రౌటర్లలో చాలావాటికి దీని పట్టింపు ఉండదు. వచ్చిన పొట్లాలను వచ్చిన వరసలో పంపేస్తాయి. సంస్థల పెట్టెలు పొట్లాలను కాక కాలాన్ని పంచుతాయి. ఒక్కొక్కరికీ వంతెన మీద సమానమైన సమయం ఇస్తాయి. నెమ్మది ఫోన్‌కు ఆ సమయంలో ఎంత దాటితే అంతే. దీన్ని గాలి కాలంలో సమన్యాయం అనవచ్చు, తయారీదారులు ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ అంటారు. మరీ తక్కువ వేగాలను పూర్తిగా ఆపేసే సదుపాయం కూడా ఉంటుంది. నా ఉద్దేశంలో పెట్టె కొనేముందు అట్ట మీద అచ్చేసిన గరిష్ఠ వేగం కంటే ఈ రెండింటి గురించి అడగడం ఎక్కువ మేలు.

అత్యవసరానికి ముందు వరస కూడా ఉంది. మాట, వీడియో, మామూలు పని, తీరిక పని అని వైఫై నాలుగు తరగతులు గుర్తిస్తుంది. మామూలు పొట్లం 0 నుంచి 15 లోపు అంకె ఎంచుకుంటుందని చెప్పాను కదా, మాట తాలూకు పొట్లానికి ఆ అవధి 0 నుంచి 3 మాత్రమే. అందుకని వైఫై మీద మాట్లాడుతున్న డాక్టరు గొంతు, పక్కన ఎవరో దించుకుంటున్న సినిమా కంటే చాలాసార్లు ముందే దాటుతుంది. హామీ మాత్రం లేదు. ఉన్నది మొగ్గే.

వైఫై 6గా పిలిచే తరంలో ఇంకో మంచి మార్పు వచ్చింది. చిన్న చిన్న సందేశాలకు ఒక్కొక్కరూ వేరుగా వంతెనెక్కడం దండగ. పెట్టె ఇప్పుడు 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌ను సన్నని పట్టీలుగా కోసి, ఒకే వంతులో 9 మంది దాకా సరుకు కలిపి దాటించగలదు. వాట్సాప్ సందేశాలు, నాడి కొలిచే పరికరాల అంకెలు, బిల్లింగ్ సందేశాలు అన్నీ చిన్న పొట్లాలే. ఆసుపత్రికి ఇది పెద్ద వేగం కంటే ఎక్కువ ఉపయోగం.

ఎన్ని పెట్టెలు, ఎంత గట్టిగా

వంతెన ఇరుకైతే ఇంకో వంతెన కట్టాలి, అంటే ఇంకో ఛానెల్ మీద ఇంకో పెట్టె పెట్టాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదాని మీదికి ఒకటి రాని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. నాలుగో పెట్టె పెట్టగానే అది ఎవరో ఒకరి ఛానెల్‌ను పంచుకోక తప్పదు. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. మన దేశంలో 2018లో ఆ పట్టీలో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు అక్కరలేకుండా వాడుకోవడానికి తెరిచారు. కాకపోతే 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 6 సెంటీమీటర్లు, 2.4 గిగాహెర్ట్జ్‌ది 12 పైచిలుకు. పొట్టి తరంగం ఇటుక గోడలు దాటేటప్పుడు ఎక్కువగా బలం కోల్పోతుంది. ఎక్స్‌రే గది గోడలకు సీసపు రేకు ఉంటుంది, లిఫ్టు చుట్టూ ఇనుము ఉంటుంది. అక్కడ ఏ తరంగమూ నిలవదు.

బలం పెంచితే సరిపోతుందని యజమానులు అంటారు. అది తప్పు. పెట్టె గొంతు పెంచితే దాని మాట దూరంలోని ఫోన్‌కు వినిపిస్తుంది, కానీ ఆ ఫోన్ సన్నని గొంతు పెట్టె దాకా రాదు. గీతలు నిండుగా కనిపించి నెట్ రాకపోవడానికి ఇది ఇంకో పెద్ద కారణం. పైగా గట్టిగా అరిచే పెట్టె అదే ఛానెల్ మీదున్న దూరపు పెట్టెను కూడా ఆగేలా చేస్తుంది. తెలిసిన పనివాళ్ళు ఎక్కువ పెట్టెలు పెట్టి ఒక్కొక్కదాని బలం తగ్గిస్తారు. సంస్థల పెట్టెలన్నిటికీ కలిపి ఒక అజమాయిషీ ఉంటుంది, దాన్ని కంట్రోలర్ అంటారు. పొరుగు పెట్టెలు ఎంత గట్టిగా వినిపిస్తున్నాయో కొలిచి, ఎవరు ఏ ఛానెల్ మీద ఎంత బలంతో ఉండాలో అది నిర్ణయిస్తుంది.

కరెంటు కోసం పైకప్పులో ప్లగ్గు అక్కరలేదు. డేటా తెచ్చే కేబులే కరెంటు కూడా తెస్తుంది. 2003లో వచ్చిన ప్రమాణం ప్రకారం, పెట్టెల కేబుళ్ళన్నీ వచ్చి కలిసే స్విచ్ ఆ తీగ మీద 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు, తర్వాతివి ఇంకా ఎక్కువ. స్విచ్ ముందుగా చిన్న ఓల్టేజీతో తడిమి, అవతల కరెంటు తీసుకునే పరికరమే ఉందని తేలాకనే అసలు ఓల్టేజీ వదులుతుంది. పొరపాటున లాప్‌టాప్ తగిలించినా కాలదు. కింద స్విచ్చుకు ఒక్క యూపీఎస్ పెడితే కరెంటు పోయినా మూడంతస్తుల పెట్టెలూ వెలుగుతూనే ఉంటాయి.

ఒకే పెట్టె, విడివిడి దారులు

ఇప్పుడు రెండో పెద్ద పనికి వద్దాం. ఒకే పెట్టె చాలా పేర్లతో కనిపించగలదు. "సిబ్బంది", "అతిథులు", "పరికరాలు" అని మీ ఫోన్లో మూడు వైఫైలు కనిపించవచ్చు, పైకప్పు మీద మాత్రం ఒక్కటే పెట్టె. ప్రతి పేరు నుంచి వచ్చిన పొట్లానికీ పెట్టె 4 బైట్ల ముద్ర వేసి స్విచ్చుకు పంపుతుంది. ఆ ముద్రలో 12 బిట్ల అంకె ఉంటుంది, అందులో 4094 విభాగాలకు చోటుంది. స్విచ్ ఆ అంకె చూసి, 10వ విభాగం పొట్లాన్ని 10వ విభాగంలోకే వదులుతుంది, 20లోకి పోనివ్వదు. కేబుల్ ఒకటే, స్విచ్ ఒకటే, కానీ అతిథి ఫోన్‌కు సంబంధించినంత వరకు ల్యాబు కంప్యూటర్ అనేదే లేదు. దీన్ని వీలాన్ అంటారు.

ఇది ఎంత ముఖ్యమో 2022 నవంబరులో దేశం చూసింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో సర్వర్లకు దుండగులు తాళం వేసేశారు. ఓపీ, అడ్మిషన్లు, ల్యాబు రిపోర్టులు సుమారు రెండు వారాలు కాగితాల మీద నడిచాయి. వలను విభాగాలుగా సరిగా వేరుచేయకపోవడం వల్లనే అలా జరిగిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అది వైఫై గుండా జరిగిందని కాదు. ఒక చోట చొరబడినవాడు మిగతా అన్ని చోట్లకూ నడిచి వెళ్ళగలిగే కట్టడం ఎంత ప్రమాదమో అది చూపింది. అలాంటిది, స్కానింగ్ మిషను ఉన్న వలలోకే బంధువులందరినీ రానిచ్చి, పాస్‌వర్డ్‌ను కౌంటరు అద్దానికి అంటించిన చోట్లను తలుచుకుంటే నాకు నిజంగా భయం వేస్తుంది. స్కానింగ్ మిషన్లలో ఉండే పాత విండోస్‌కు కొత్త రక్షణలు అందకపోవచ్చు. అలాంటి మిషను‌ను విడిగా ఉంచడమే దానికున్న పెద్ద రక్షణ.

అతిథుల విభాగంలోనే ఉన్న ఇద్దరిని కూడా పెట్టె వేరుచేయగలదు. ఇద్దరూ ఇంటర్నెట్‌కు పోవచ్చు, ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు నేరుగా పోలేరు. ఒక్క టిక్కుతో అయ్యే పని, చాలా చోట్ల ఎవరూ పెట్టరు.

అయితే పేర్లు ఎక్కువ పెడితే వంతెనకు భారం. ప్రతి పేరు కోసం పెట్టె సెకనుకు దాదాపు 10 సార్లు "నేనున్నాను" అని చాటింపు వేయాలి. ఆ చాటింపు అందరికీ వినబడాలి కాబట్టి అతి తక్కువ వేగంతో పోతుంది. సుమారు 250 బైట్ల చాటింపు సెకనుకు 1 మెగాబిట్ వేగంతో 2 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఒక పేరుకు సెకనులో 20 మిల్లీసెకన్లు, అంటే 2 శాతం. ఐదు పేర్లు పెడితే 10 శాతం. అదే ఛానెల్ మీద మూడు పెట్టెలు ఒకదానికొకటి వినిపిస్తుంటే 30 శాతం గాలి చాటింపులకే పోయింది, ఒక్క రిపోర్టూ కదలకుండానే.

తాళంచెవి ఎవరి దగ్గర

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్న చోట, నర్సు ఉద్యోగం మానేసినప్పుడల్లా అన్ని పరికరాల్లోనూ పాస్‌వర్డ్ మార్చాలి. ఎవరూ మార్చరు. సంస్థల పెట్టెల్లో దీనికి వేరే మార్గం ఉంది. ఒక్కొక్క ఉద్యోగికీ తన పేరు, తన పాస్‌వర్డ్. ఫోన్ రాగానే పెట్టె సొంతంగా నిర్ణయించదు, లోపలి సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ "ఈమె ఫలానా నర్సు, 20వ విభాగంలో వదులు" అంటుంది. డాక్టరైతే 30లో, అకౌంటెంటైతే 40లో. వైఫై పేరు ఒక్కటే ఉంటుంది, ఎవరి దారి వాళ్ళదే. ఉద్యోగం మానేసినవాళ్ళ పేరు సర్వర్లో తీసేస్తే సరి. చాటింపుల భారం కూడా ఇలాగే తగ్గుతుంది.

ఒకే పాస్‌వర్డ్‌లో ఇంకో లోపం ఉంది. 2004 నాటి డబ్ల్యుపిఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో, పాస్‌వర్డ్ తెలిసినవాడు మీ ఫోన్ పెట్టెతో చేతులు కలిపే క్షణాన్ని పట్టుకుంటే, ఆపైన గాలిలో పోయే మీ పొట్లాల ముద్ర విప్పగలడు. 2018లో వచ్చిన డబ్ల్యుపిఏ3లో అది కుదరదు.

అతిథులకు ఫోన్ నంబరు అడిగి ఓటీపీ పంపే పేజీ చాలామందికి విసుగు. దాని వెనక బరువైన చరిత్ర ఉంది. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు టీవీ చానెళ్ళకు బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. అది నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఇంటి వైఫై నుంచి వెళ్ళిందని తేలింది. ఆ ఇంటివాళ్ళకు దాని సంగతే తెలియదు. వాడేవాళ్ళు ఎవరో తెలిసేలా 2009లో టెలికాం శాఖ వైఫైకి భద్రతా నియమాలు జారీ చేసింది. ఓపీలో కూర్చున్న పెద్దాయన ఓటీపీ కోసం కళ్ళద్దాలు వెతుక్కోవడం వెనక ఆ ఘటన ఉంది.

నడుస్తూ మాట్లాడే డాక్టరు

డాక్టరు ఓపీలో ఫోన్లో మాట్లాడుతూ మెట్లెక్కి ఐసీయూకు వెళుతున్నారు. దారిలో నాలుగు పెట్టెలు మారాలి. ఎప్పుడు మారాలో నిర్ణయించేది పెట్టె అనుకుంటాం, కానీ ఆ అధికారం ఫోన్‌ది. కొన్ని ఫోన్లు మొండివి. కింది పెట్టె వినీవినపడనట్టు ఉన్నా దాన్నే పట్టుకుని వేలాడతాయి, ఇరుకు వంతెన మీద ట్రాక్టరులా అందరినీ ఆపుతాయి.

పెట్టెలు చేయగలిగింది మూడు పనులు. చుట్టుపక్కల ఏ పెట్టెలు ఏ ఛానెళ్ళ మీద ఉన్నాయో ఫోన్‌కు జాబితా ఇవ్వడం, అది అన్ని ఛానెళ్ళూ వెతుక్కోకుండా. "ఫలానా దానికి మారితే మేలు" అని సలహా చెప్పడం. తాళంచెవుల తతంగాన్ని ముందే పూర్తిచేసి, మారే సమయాన్ని తగ్గించడం. సర్వర్‌తో మొత్తం పరిచయం మళ్ళీ చేసుకోవాలంటే కొన్ని వందల మిల్లీసెకన్లు పట్టవచ్చు, మాటల్లో ఒక పదం ఎగిరిపోతుంది. ముందే సిద్ధం చేస్తే 50 మిల్లీసెకన్ల లోపే అయిపోతుంది, చెవికి తెలియదు. వీటిని ప్రమాణాల్లో వరసగా 802.11-కే, 802.11-వీ, 802.11-ఆర్ అని పిలుస్తారు.

మూడోది కొన్ని పాత పరికరాలకు అర్థం కాదు. అది ఆన్ చేసి ఉంటే వాటికి ఆ వైఫైలో చేరడమే కుదరదు. అందుకని అనుభవమున్న పనివాళ్ళు డాక్టర్లు, నర్సులు వాడే పేరు మీద దాన్ని ఆన్ చేసి, పాత స్కానర్లూ ప్రింటర్లూ ఉండే పరికరాల పేరు మీద ఆఫ్ చేసి ఉంచుతారు. ప్రింటరు ఎలాగూ మెట్లెక్కదు.